పనికి పిలవని నేరం జెనీవాలో కేసవుతుందా?

పోయిన వానాకాలం నాట్లు అయిపోయాక మండల కేంద్రంలో సంఘం క్లాసు పెట్టుకున్నాం. ముప్ఫయి మంది దాకా వచ్చారు. సగానికి పైగా ఆడవాళ్ళే. అంతర్జాతీయ కార్మిక సంస్థ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతున్నాను. ఐ.ఎల్.ఓ. అని పిలిచే ఆ సంస్థ స్విట్జర్లాండులోని జెనీవా పట్నంలో వుందనీ, సంఘం పెట్టుకున్నందుకు కార్మికుణ్ణి వేధిస్తే ఆ దేశ ప్రభుత్వం మీద అక్కడికి ఫిర్యాదు పంపవచ్చుననీ చెప్పేసరికి, వెనక వరసలో కూర్చున్న ఒక నాట్ల ముఠా మేస్త్రి లేచి నిలబడింది.

"అన్నా, నన్నెవరూ తీసెయ్యలేదు. తిట్టలేదు, కొట్టలేదు. కూలి పెంచమని అడిగిన కాణ్ణుంచి మా ముఠాను పనికి పిలవడం మానేశారు, అంతే. ఇది ఆ జెనీవాలో కేసవుద్దా?"

"కనుక్కుని చెబుతా అక్కా" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు జవాబు తోచలేదు. ఆ తర్వాత దొరికిన కాగితాలు చదివి, తెలిసిన వకీలు కుర్రాడి చేత ఇంగ్లీషు చదివించుకుని, ఆ అక్కకు బాకీపడ్డ జవాబును ఈ పేజీలో రాస్తున్నాను. ఇట్లాంటి ప్రశ్నే ఇంకా చాలా ఊళ్ళలో చాలామందికి వుండి వుంటుంది.

ముందు ఆ ఊళ్ళో జరిగిందేమిటో చెప్పాలి. నాట్లకు ముందు నాలుగు ముఠాల ఆడవాళ్ళు కలిసి, ఎకరా గుత్త రేటు పెంచాలనీ, మధ్యాన్నం అన్నం తినడానికి గంట తెరిపి ఇవ్వాలనీ అడిగారు. రెండు రోజులు పని ఆగింది. మూడోనాడు పెద్దమనుషులు రచ్చబండ దగ్గర కూర్చుని అడిగినదాంట్లో సగానికి ఒప్పుకున్నారు. కాగితం మీద రాయలేదు, నోటిమాటే. మర్నాటినుంచి మూడు ముఠాలకు పిలుపు వచ్చింది. ముందు నిలబడి మాట్లాడిన ఈ అక్క ముఠాకు రాలేదు. "కబురు పెడతాంలే" అన్నారు. కబురు లేదు. పక్క మండలంనుంచి ఆటోల్లో వేరే ముఠాను దించారు. కలుపుకూ పిలవలేదు. కిరాణా కొట్లో అరువు ఆగింది. గేదెకు పచ్చగడ్డి కోసుకునే గట్టుమీదికి రావద్దన్నారు. ముఠాలోని పద్నాలుగుమందిలో ఐదుగురు మెల్లగా మిగతా ముఠాల్లోకి సర్దుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం, పొయ్యిమీదికి ఎసరు పెట్టుకోవాలి కదా. తక్కిన తొమ్మిదిమంది పత్తి ఏరడానికి ఇరవై కిలోమీటర్ల దూరం పోయివస్తున్నారు.

ఫ్యాక్టరీలో మనిషిని తీసేస్తే ఒక ఉత్తర్వు వుంటుంది. దానికి తేదీ వుంటుంది, సంతకం వుంటుంది. అబద్ధమైనా సరే ఒక కారణం రాస్తారు. ఆ కాగితం పట్టుకుని లేబరు కోర్టు మెట్లెక్కవచ్చు. మన పనిలో ఉద్యోగం తెల్లవారుజామున పుట్టి పొద్దుగూకేసరికి పోతుంది. రేపు పిలవకపోతే అది "తీసివెయ్యడం" కాదట, ఊరికే పిలవకపోవడమట! నేనూ ఏడో తరగతితో చదువు ఆపి పాలేరుతనానికి కుదిరినవాణ్ణి. ఇరవయ్యేళ్ళ క్రితం మా ఊళ్ళో సంఘం జెండా కట్టిన ఏడాది నన్నూ ఇట్లాగే ఒక కోతల కాలమంతా ఎవరూ పిలవలేదు. అడిగితే "యంత్రం మాట్లాడుకున్నాంరా అబ్బాయ్" అన్నారు. యంత్రం మా ఊరికి నిజంగా వచ్చింది ఆ మరుసటి ఏడు.

ఇక జెనీవా సంగతి.

ఐ.ఎల్.ఓ. పుట్టింది 1919లో, మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక జరిగిన వెర్సాయ్ సంధిలో భాగంగా. ప్రభుత్వాలూ, యజమానులూ, కార్మికులూ, ముగ్గురూ కూర్చునే సంస్థ అది. బ్రిటిషువాళ్ళ కింద వున్నా మన దేశం మొదటినుంచీ సభ్యురాలే. అక్కడికి కార్మికుల ప్రతినిధిగా ఎవరు పోవాలో సర్కారు కాదు, కార్మికులే తేల్చుకోవాలన్న పట్టుదల 1920లో బొంబాయిలో ఎ.ఐ.టి.యు.సి. పుట్టడానికి ఒక కారణం. మన తెలుగువాడు వి.వి. గిరి 1927లో జెనీవా మహాసభకు కార్మిక ప్రతినిధిగా వెళ్ళివచ్చారు.

అయితే ఆ సంస్థలో కూడా పొలంలో పనిచేసేవాడు కార్మికుడేనా అన్న ప్రశ్న మొదట్లోనే లేచిందంటే చాలామందికి ఆశ్చర్యంగా వుంటుంది. 1921లో జెనీవాలో జరిగిన మూడవ మహాసభ ముందు వ్యవసాయ కూలీల సమస్యలు పెడితే ఫ్రాన్సు ప్రభుత్వం అడ్డం పడింది. ఈ సంస్థ పరిశ్రమల కోసం పుట్టింది కాబట్టి వ్యవసాయం దీని కిందికి రాదని దాని వాదన. తగాదా హేగ్‌లోని అప్పటి అంతర్జాతీయ న్యాయస్థానం దాకా పోయింది. 1922 ఆగస్టులో ఆ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది: వ్యవసాయంలో పనిచేసేవాళ్ళ పరిస్థితులు కూడా ఐ.ఎల్.ఓ. పరిధిలోవే. అంటే, నూరేళ్ళ కింద మనం కార్మికులమని అనిపించుకోవడానికి కూడా ఒక కోర్టు తీర్పు కావలసి వచ్చిందన్నమాట.

తగాదా నడుస్తుండగానే 1921 మహాసభ 11వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. అందులో వున్నది ఒక్క విషయమే. పరిశ్రమల్లోని కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు ఎంత వుందో, వ్యవసాయంలో పనిచేసే వాళ్ళందరికీ అంతే వుండాలి. దానికి అడ్డొచ్చే చట్టాలను రద్దు చెయ్యాలి. భారతదేశం దీనికి 1923లోనే ఒప్పుకుంది. సంతకం చేసింది బ్రిటిషు సర్కారు అయినా, స్వాతంత్ర్యం తర్వాత మన ప్రభుత్వాలు దాన్ని తోసిపుచ్చలేదు.

1975లో 141వ నంబరు ఒడంబడిక వచ్చింది. ఇది గ్రామీణ కార్మికుల సంఘాల గురించి. కూలికి పోయేవాళ్ళే కాదు, కౌలుదార్లు, పాలికి చేసేవాళ్ళు, సొంత రెక్కలమీద సేద్యం చేసుకునే చిన్న రైతులు, చేతిపనుల వాళ్ళు కూడా ఇందులోకి వస్తారు. ఎవరి అనుమతీ లేకుండా సంఘం పెట్టుకోవచ్చు. ఆ సంఘం జోలికి జోక్యంగానీ, ఒత్తిడిగానీ, అణచివేతగానీ రాకూడదు. ఇండియా దీనికి 1977 ఆగస్టులో ఆమోదం తెలిపింది. అత్యవసర పరిస్థితి పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన ఏడు అది.

మరి సంతకం పెట్టనివి? అసలు మూలమైన రెండు. సంఘస్వేచ్ఛ గురించిన 87వ ఒడంబడిక 1948లో, బేరసారాల హక్కూ, సంఘం కట్టినందుకు చూపే వివక్షనుంచి రక్షణా చెప్పే 98వ ఒడంబడిక 1949లో వచ్చాయి. ఈ 98వ దాని మొదటి అధికరణలోనే ఆ అక్క ప్రశ్న వుంది: సంఘంలో చేరకపోతేనే పని ఇస్తాననడం, సంఘంలో వున్నందుకు తీసివెయ్యడం, లేదా మరో రకంగా నష్టం కలిగించడం, వీటినుంచి కార్మికుడికి తగిన రక్షణ వుండాలి. "మరో రకంగా నష్టం" అన్న మాట గుర్తుంచుకోండి, దాంతో మనకు పనుంది. ఢిల్లీలో ఏ పార్టీ ప్రభుత్వం వున్నా ఈ రెంటికీ ఆమోదం రాలేదు. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాలకు అవి పొసగవని చెబుతూ వచ్చిన సాకు. ఆఫీసు గుమాస్తా నియమాలు మారవు కాబట్టి నాట్లు వేసే మనిషికి రక్షణ వుండదట! పిల్లల పని గురించిన 138, 182 ఒడంబడికలకు 2017లో ఆమోదం తెలిపారు. ఈ రెండు మాత్రం గడప దాటలేదు.

ఇక్కడే ఒక మంచి మెలిక వుంది. సంతకం పెట్టని ప్రభుత్వం కూడా సంజాయిషీ ఇచ్చుకోవలసిన చోటొకటి వుంది. ఐ.ఎల్.ఓ. పాలకమండలి 1951లో సంఘస్వేచ్ఛా కమిటీ అనేదాన్ని పెట్టింది. ప్రభుత్వాల తరఫున ముగ్గురు, యజమానుల తరఫున ముగ్గురు, కార్మికుల తరఫున ముగ్గురు సభ్యులు. వీళ్ళకు బయటినుంచి ఒక అధ్యక్షుడు. ఏడాదికి మూడుసార్లు కూర్చుంటారు. సంఘస్వేచ్ఛ అనేది ఐ.ఎల్.ఓ. రాజ్యాంగంలోనే వుంది, 1944 ఫిలడెల్ఫియా ప్రకటనలో వుంది. కాబట్టి సంస్థలో సభ్యత్వం తీసుకున్నప్పుడే ఆ సూత్రానికి కట్టుబడినట్టు. 87, 98 ఒడంబడికలకు ఒప్పుకున్నా మానినా ఫిర్యాదును విచారిస్తారు. ఇప్పటికి 3,300కు పైగా కేసులు అక్కడికి వెళ్ళాయి.

దాని పనితీరు మన కోర్టుల్లాంటిది కాదు. ఫిర్యాదు యజమాని మీద వుండదు, ప్రభుత్వం మీద వుంటుంది. యజమాని చేసిన అన్యాయాన్ని ఎందుకు ఆపలేదు, ఆపడానికి నీ చట్టంలో ఏముంది అని ప్రభుత్వాన్ని అడుగుతారు. ఒక్కడుగా మనిషి రాస్తే తీసుకోరు, సంఘమే రాయాలి, సంతకం వుండాలి, ఆధారాలు జతచెయ్యాలి. ఫిర్యాదుకు ఒక నంబరు పడుతుంది. నకలు ప్రభుత్వానికి పోతుంది. ప్రభుత్వం జవాబివ్వాలి. తాత్సారం చేస్తే అత్యవసర విజ్ఞప్తి పంపి, అప్పటికీ ఉలకకపోతే జవాబు లేకుండానే కేసును పరిశీలిస్తామని చెబుతారు. చివరికి కమిటీ తన నిర్ణయాన్ని పాలకమండలికి నివేదిస్తుంది. జరిమానా వుండదు, జైలు వుండదు. "ఇది తప్పు, దీన్ని సరిదిద్ది మాకు తెలియజెయ్యి" అంటారు. అది ఎంతవరకు పనిచేస్తుందో రెండు కేసుల్లో చూద్దాం. ఒకటి మనలాంటి పొలం మనుషులది, కెనడాలోది. రెండోది మన విశాఖపట్నంలోది.

కెనడా అంటే మనవాళ్ళకు పెద్ద చదువుల దేశం, డాలర్ల దేశం. అక్కడి ఒంటారియో రాష్ట్రంలో 1943లో కార్మికులకు సంఘం ద్వారా బేరమాడే హక్కు ఇస్తూ చట్టం తెచ్చారు. వ్యవసాయ కార్మికులను మాత్రం అందులోంచి తప్పించారు. యాభై ఏళ్ళు అట్లాగే నడిచింది. 1994లో అక్కడి ఎన్.డి.పి. ప్రభుత్వం వాళ్ళకోసం ఒక చట్టం చేసింది. దాని కింద లెమింగ్టన్ అనే ఊళ్ళో పుట్టగొడుగులు పెంచే ఒక కంపెనీలో దాదాపు రెండువందలమంది సంఘం కట్టుకున్నారు. 1995లో కన్సర్వేటివులు గెలిచారు. గెలిచిన ఏడాదే ఆ చట్టాన్ని రద్దు చేశారు. పుట్టిన సంఘాల గుర్తింపు కూడా దాంతోపాటే పోయింది.

కార్మికులు కోర్టుకు పోయారు. 2001 డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. వ్యవసాయ కార్మికులు దుర్బలులు, రక్షణ లేకుండా వదిలేస్తే సంఘం కట్టుకునే హక్కు వాళ్ళకు లేనట్టే అన్నది. దాంతో ప్రభుత్వం 2002లో కొత్త చట్టం తెచ్చింది. ఆ చట్టం ఎట్లాంటిదో కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

దాని ప్రకారం పొలం కార్మికులు సంఘం పెట్టుకోవచ్చు. సంఘంలో చేరినందుకు యజమాని కక్షసాధించకూడదు. సంఘం తన కోరికలను యజమానికి చెప్పుకోవచ్చు. నోటితో చెబితే యజమాని వినాలి. రాసి ఇస్తే చదవాలి. చదివిన తర్వాత "చదివాను" అని ఒక చీటీ రాసివ్వాలి. చట్టంలో యజమాని మీద పెట్టిన బాధ్యత అంతటితో సరి! బేరానికి కూర్చోవాలని లేదు. ఒప్పందం రాసుకోవాలని లేదు. సమ్మె ఊసు లేదు. మన రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూడా వింటారు కదా. తలకాయ వూపుతారు, "చూద్దాంలే" అంటారు. ఆ "చూద్దాంలే"కు ఒంటారియోలో చట్టం చేసి రసీదు పెట్టారు.

కింగ్స్‌విల్ అనే ఊళ్ళో మరో పుట్టగొడుగుల ఫారంలో కార్మికులు ఈ చట్టం కింద ముందుకుపోయి చూశారు. యజమాని సంఘాన్ని గుర్తించనన్నాడు. కార్మికుల తరఫున ఆహార, వాణిజ్య కార్మికుల సంఘం మళ్ళీ కోర్టుకు పోయింది. 2008లో రాష్ట్ర అప్పీలు కోర్టు చట్టం చెల్లదన్నది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. అది తేలకముందే 2009లో సంఘం జెనీవాకు ఫిర్యాదు పంపింది. 2704వ నంబరు కేసు. 2010 నవంబరులో సంఘస్వేచ్ఛా కమిటీ తేల్చింది: వ్యవసాయ కార్మికుల సమష్టి బేరసారాలను ప్రోత్సహించే యంత్రాంగం ఏదీ లేకపోవడం సంఘస్వేచ్ఛ ముఖ్య లక్ష్యాలలో ఒకదానికి అడ్డంకి, ఒంటారియో ప్రభుత్వం తగిన ఏర్పాటు చెయ్యాలి.

ఆరు నెలలు తిరగకముందే, 2011 ఏప్రిల్‌లో, కెనడా సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందన్నది. యజమాని వినడమంటే చిత్తశుద్ధితో వినడమని చట్టంలో అంతర్లీనంగా వుందట! చిత్తశుద్ధిని ఏ తూనికరాయితో తూస్తారో నాకు తెలియదు. ఆ చట్టమే కొనసాగింది.

"అయితే జెనీవా ఏం పీకినట్టు?" అని ఈ కేసు చెప్పినప్పుడు మా కమిటీలో ఒక కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పుట్టగొడుగులు కోసే మనిషికి ఆ నివేదికవల్ల ఒక డాలరు పెరగలేదు. ఏటా ఆ పొలాల్లోకి మెక్సికోనుంచీ, జమైకానుంచీ వేలమంది సీజను కూలీలు ఒప్పందం మీద వస్తారు. ఎదురుతిరిగితే వచ్చే ఏడు పిలవరు. చూశారా, "పిలవకపోవడం" అనే ఆయుధం అక్కడా వుంది. దానికి పాస్‌పోర్టు కూడా వుంది, అంతే తేడా.

ఇక విశాఖ. అక్కడి ఎగుమతి జోన్‌లో వజ్రాలు సానబట్టే ఒక కంపెనీ కార్మికుల వ్యవహారం మీద 2002లో సి.ఐ.టి.యు. జెనీవాకు ఫిర్యాదు పంపింది. 2228వ నంబరు కేసు. సంఘం కట్టినవాళ్ళను సస్పెండ్ చేశారు, తీసేశారు. సమ్మె చేస్తే పోలీసులు విరుచుకుపడ్డారు, అరెస్టులు చేశారు. సంఘంతో మాట్లాడటానికి నిరాకరించారు అన్నది ఫిర్యాదు సారాంశం. ప్రభుత్వం తన జవాబు తాను పంపింది. ఆరోపణల మీద నిష్పక్షపాతంగా విచారణ జరపాలని కమిటీ కోరింది. అంతేకాక, బయటివాడి కంటికే తొందరగా కనపడే ఒక సంగతిని పట్టుకుంది. ఆ జోన్‌లో కార్మికుల ఫిర్యాదులు వినే అధికారి ఎవరు? తగాదా వస్తే రాజీ కుదిర్చే అధికారి ఎవరు? రెండూ జోన్ డిప్యూటీ డెవలప్‌మెంట్ కమిషనరే. కంపెనీలను రప్పించి నిలబెట్టడం తన ఉద్యోగమైనవాడు కంపెనీకీ కార్మికుడికీ మధ్య తగవు ఎట్లా తీరుస్తాడు? ఈ పనులు ఒకే మనిషి చేతిలో వుండటం పొసగదని కమిటీ చెప్పింది. ఆ తర్వాతి ఏళ్ళలోనూ, ఏమైంది, ఏం చేశారు అని ప్రభుత్వాన్ని అడుగుతూ వచ్చింది.

నాకు ఈ కేసులో నచ్చిన ముక్క అదే. గేటు లోపల వున్నవాళ్ళకు అలవాటైపోయిన అన్యాయాన్ని కాగితం మీద పెడితే, వేల మైళ్ళ దూరాన కూర్చున్న తొమ్మిదిమందికి, అందులో యజమానుల మనుషులు ముగ్గురు వున్నా కూడా, అన్యాయంగానే కనపడింది. మన ఊళ్ళలో పెద్దమనుషుల పంచాయతీ కూడా ఇట్లాంటిదే. కూలి రేటు తగవు తీర్చేవాడే ఆ ఊళ్ళో అందరికంటే ఎక్కువ ఎకరాలవాడు. మనం ఎన్నడైనా దీన్ని ఎక్కడైనా రాసిపెట్టామా?

జెనీవా గురించి లేనిపోని ఆశలు పెట్టడం నా ఉద్దేశం కాదు. 1919నుంచీ ఐ.ఎల్.ఓ. తన రాజ్యాంగంలోని 33వ అధికరణం కింద గట్టి చర్యకు దిగింది రెండు దేశాల విషయంలోనే: మయన్మార్, బెలారుస్. కొలంబియాలో సంఘం నాయకులను వందలూ వేలూగా చంపుతూ వుంటే 1994లో వేసిన 1787వ కేసు ఏళ్ళ తరబడి నడిచింది. మన దేశానికే వస్తే, 1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో, కూలి పెంచమని ఎర్రజెండా పట్టిన కూలీల కుటుంబాలవాళ్ళను 44 మందిని గుడిసెలో సజీవంగా తగలబెట్టారు. 1923 నాటి 11వ ఒడంబడిక అప్పటికి నలభై అయిదేళ్ళుగా అమలులో వుంది. కేసులో భూస్వాములను 1973లో మద్రాసు హైకోర్టు విడుదల చేసింది. ఒడంబడిక కాగితం ఆ మంటను ఆర్పలేదు.

యజమానులు కూడా ఖాళీగా కూర్చోలేదు. 2012 జెనీవా మహాసభలో, 87వ ఒడంబడికలో సమ్మె అనే మాటే లేదు కాబట్టి సమ్మె హక్కు అందులో లేదని అడ్డం తిరిగారు. పదకొండేళ్ళ పంచాయతీ తర్వాత 2023 నవంబరులో పాలకమండలి ఆ ప్రశ్నను హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపింది. 2025 అక్టోబరులో అక్కడ వాదనలు జరిగాయి. మన సుప్రీంకోర్టు అయితే 2003లోనే, తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన లక్షా డెబ్బయివేల మంది ఉద్యోగులను ఒక్క కలంపోటుతో తీసేసినప్పుడు, వాళ్ళకు సమ్మె చేసే హక్కు చట్టపరంగానూ లేదు, నైతికంగానూ లేదనేసింది. ఆ వ్యవహారం మీద కూడా జెనీవాకు ఫిర్యాదు పోయింది.

అయినా ఈ కాగితాల పని ఎందుకంటే, మన లెక్కలో అసలు బాధ వేరే చోట వుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో వ్యవసాయ కూలీలు 14 కోట్ల 43 లక్షలు. ఇంతమంది వున్నా, "సంఘంలో చేరినందుకు నన్ను పనికి పిలవలేదు" అన్న ఫిర్యాదు మన మండలంలో ఏ ఆఫీసు రిజిస్టరులోనూ నేను చూడలేదు. అసిస్టెంటు లేబరు ఆఫీసరు దగ్గరికి ఒకసారి మౌఖికంగా చెప్పుకోవడానికి పోతే "ఆధారం ఏముందయ్యా?" అన్నాడు. ఆయన తప్పూ లేదు. మా దగ్గర ఆధారం లేదు. రిజిస్టరులో లేని బాధ ప్రభుత్వానికి లేదు. అప్పుడు ప్రభుత్వం జెనీవాకు పంపే నివేదికలో "వ్యవసాయ కూలీల సంఘస్వేచ్ఛకు ఎట్లాంటి ఆటంకమూ లేదు" అని రాసుకుంటే కాదనడానికి మన చేతిలో ఏముంది?

కమిటీ డెబ్బయి ఏళ్ళకు పైగా చెప్పినవాటిలో మనకు పనికొచ్చే మాటలు కొన్ని వున్నాయి. సంఘం మనుషుల పేర్లతో చాటున జాబితా పెట్టి పని ఇవ్వకుండా చెయ్యడం సంఘస్వేచ్ఛకు తీవ్రమైన ముప్పు. అసలు కారణం సంఘమే అయినప్పుడు పరిహారం చేతిలో పెట్టి పంపించెయ్యడం సరిపోదు. ఇట్లాంటి ఫిర్యాదులను త్వరగా, ఖర్చులేకుండా, పక్షపాతం లేకుండా విచారించే ఏర్పాటు ప్రభుత్వానికి వుండాలి. ఇంకొకటి: ఫిర్యాదు చేసే సంఘానికి దేశంలో రిజిస్ట్రేషను లేదన్న కారణంతో కమిటీ దాన్ని తోసెయ్యదు. అది సంఘం అవునో కాదో తానే చూసుకుంటుంది. ఇది మనకు చాలా ముఖ్యం. 1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టంలో ఏడుగురు చాలన్న నిబంధనకు 2001లో మెలిక పెట్టారు: ఆ సంస్థలోగానీ పరిశ్రమలోగానీ పనిచేసేవాళ్ళలో పదిశాతం లేదా వందమంది, ఏది తక్కువైతే అది వుండాలన్నారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ పాత చట్టాన్ని మింగేసి ఆ మెలికను మాత్రం అట్టేపెట్టుకుంది. రోజుకొక చేలో పనిచేసే ముఠాకు "సంస్థ" ఏది, అందులో పదిశాతం ఎంత?

కాబట్టి ఆ అక్కకు నా జవాబు ఇదీ. అక్కా, నిన్ను పిలవకపోవడం కేసు అవుతుంది. "మరో రకంగా నష్టం" అన్నమాటలో అది వుంది. కాకపోతే నీ పేరున కాదు, సంఘం పేరున వెళ్ళాలి. మన జిల్లా సంఘం రాష్ట్ర సంఘానికి, అక్కడినుంచి కేంద్ర కార్మిక సంఘానికి చేరాలి. కావాలంటే ఐ.ఎల్.ఓ.లో సంప్రదింపుల హోదా వున్న ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య ద్వారానైనా వెళ్ళవచ్చు. ముందు ఇక్కడి ఆఫీసుల్లో అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. ఇక్కడి దారులన్నీ మూసుకుపోయాకే రావాలన్న కచ్చితమైన నియమం జెనీవాలో లేదుగానీ, ఇక్కడ ఏం ప్రయత్నం చేశారన్నది మాత్రం చూస్తారు. జవాబు రావడానికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది. ఈలోగా రెండు నాట్లు, రెండు కోతలు గడిచిపోతాయి. అది కూడా నీకు చెప్పాలి.

పోయిన నెల ఆ ఊరికి మళ్ళీ పోయాను. అక్క చెయ్యి తిరిగిన మేస్త్రి, కానీ అక్షరం రాదు. ఆమె కూతురు ఇంటరు చదువుతోంది. వంద పేజీల నోటుబుక్కు కొనిచ్చి, గీతలు గీసి చూపించాం. తేదీ. ఎవరి చేలో ఏ పని. ఏ ముఠాను పిలిచారు, ఎంతమందిని, ఏ ఊరినుంచి. మనలో పనికి సిద్ధంగా వున్నవాళ్ళెవరు. అడగడానికి ఎవరు పోయారు, ఏమని జవాబు వచ్చింది, పక్కన విన్నవాళ్ళెవరు. నిరుడు అదే చేలో అదే పని ఎవరు చేశారు. ఈ చివరి గడి ముఖ్యమని వకీలు కుర్రాడు చెప్పాడు. ఎనిమిదేళ్ళు వరసగా పిలిచి, కూలి పెంచమని అడిగిన ఏడాదినుంచే మానేస్తే, దాన్ని యాదృచ్ఛికం అనడం ఎవరికైనా కష్టం.

మేం వచ్చేసేటప్పటికి మిగతా ముఠాల్లోకి సర్దుకుపోయిన ఐదుగురిలో ఇద్దరు గుమ్మం దగ్గర నిలబడి వున్నారు. లోపలికి రాలేదు. ఒకామె మాత్రం, నిరుడు ఏ చేలో ఎవరు నాటారో తనకు గుర్తుందనీ, కావాలంటే చెబుతాననీ, తన పేరు మాత్రం రాయొద్దనీ అంది. పేరు రాయకుండానే చెప్పించుకున్నాం. మొదటి పేజీ నిండింది.